కార్డుల మిషను, చీపురు, మా బావ

ఇల్లు ఊడ్వడం రాని మనిషి యంత్రాల జోలికి పోకూడదని నాకు అరవై దాటాక తెలిసింది. తెలిసేలోపల మూడు నెలలపాటు ఒక నోరులేని యంత్రాన్ని అనరాని మాటలన్నాను. విప్పాను, తుడిచాను, తిట్టాను, మళ్ళీ బిగించాను. అది చెప్పిన పని చెప్పినట్టే చేస్తూ వచ్చింది. చెప్పేవాడికే బుద్ధి లేదు.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. పత్తిలోంచి గింజను వేరు చేసే మిల్లు అది. అక్కడ స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు, ఫ్యూజులు నా లోకం. రిటైరైన రోజు మిల్లువాళ్ళు శాలువా కప్పారు. ఇంటికొచ్చి శాలువా తీశాక చేతులకు ఏం పని చెప్పాలో తోచలేదు. ఆ తోచనితనంలోనే ఒక రోజు గుజిరీ అంగడి ముందు ఆగాను. పాత ఇనుము కొనే అంగళ్ళను మా వైపు గుజిరీ అంటారు. గడ్డపారలు, మంచం కోళ్ళు, పగిలిన పంపుల మధ్య ఒక పొడవాటి బూడిదరంగు యంత్రం కనిపించింది. పొడవునా వరసగా పదమూడు గూళ్ళు. బళ్ళారి వైపు ఏదో పాత ఆఫీసు మూసేసినప్పుడు వచ్చిందని అంగడాయన చెప్పాడు.

"ఏం మిషన్ ఇది?" అని అడిగాను.

"నాకేం తెల్సు సామీ. బరువుండాది. అదే దాని గొప్ప."

పక్క రేకు తీసి చూశాను. లోపల వరసగా రిలేలు. గాజు మూతల కింద ఒక్కోటి ఒక్కో చిన్న గుడిలా ఉంది. దానితోపాటు రెండు అట్టపెట్టెల నిండా చిల్లుల కార్డులు. ప్రతి కార్డు పై అంచున దాని నంబరు అచ్చేసి ఉంది, అదే నంబరు చిల్లుల రూపంలో కూడా ఉంది. కార్డులను చిల్లులను బట్టి వేరు చేసే యంత్రమని అర్థమైంది. కంప్యూటర్లు మేజా మీదికి రాకముందు పెద్ద పెద్ద ఆఫీసులు వీటితోనే బతికాయి. నేను ఆ క్షణమే దాన్ని ప్రేమించాను. రిటైరైన మనిషి ప్రేమలో పడటానికి ఇంతకంటే మర్యాదైన దారి లేదు.

ఆటో ట్రాలీలోంచి నలుగురు దించి ముందుగదిలో కిటికీ పక్కన పెట్టారు. అప్పటివరకు ఆ కిటికీ మా ఆవిడ కుట్టు మిషనుది. జాకెట్లు కుట్టి, చుట్టుపక్కల నాలుగు వీధుల ఆడవాళ్ళకు కొలతల దేవత అయిన మనిషి ఆమె. వెలుగు బాగా పడే చోటు ఇంట్లో అదొక్కటే. కుట్టు మిషను వంటింటి నడవలోకి పోయింది. ఇంట్లో మిషన్లు రెండయ్యాయి, మాటలు సగమయ్యాయి.

రెండో రోజు ఆమె సూదిలో దారం ఎక్కించలేక, దారాన్ని నా వైపు చాచి అంది.

"ఏమయ్యో, ఇది ఎక్కించి పో. నడవలో సూది బెజ్జం కనపడ్దు."

ఎక్కించాను. రోజుకు ఆరుసార్లు ఎక్కించాను. వారం తర్వాత ఆమె తీర్పు చెప్పింది.

"ఉగాది లోపల నీ మిషను ఒక్కసారన్నా కార్డులు వరసగా పేర్చాల. లేదంటే అది గుజిరీకి, నాది కిటికీ కాడికి. అంతే."

సరేనన్నాను. ఉగాది అప్పటికి చాలా దూరంలో ఉందనిపించింది. అన్ని ఉగాదులూ అలాగే అనిపిస్తాయి.

ఇక మా బావ సంగతి చెప్పాలి. మా ఆవిడకు అన్న. ఎమ్మిగనూరు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసి చేసి రిటైరయ్యాడు. గూళ్ళ వైపు చూడకుండానే ఉత్తరాన్ని సరైన గూట్లోకి విసిరేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో ఆయనే ముందుంటాడు. ఆదివారం ఆదివారం బస్సెక్కి మా ఇంటికొస్తాడు. చెల్లెలి చేతి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కోసమని అంటాడు గానీ, ఆయనకు అసలు రుచి నన్ను నంజుకోవడంలో ఉంది. వరసకు బావ కాబట్టి అది ఆయన హక్కు.

మొదటి ఆదివారం నా యంత్రాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"మా ఆఫీసు గూళ్ళే ఇవి. నిలబడి నిలబడి కాళ్ళు నొచ్చి పడుకున్నట్టుండాయి. ఏదీ, నడిపిచ్చు సూస్తాం."

పచ్చ బటన్ నొక్కాను. బెల్టు కదిలింది. కార్డులు ఒకదాని వెనక ఒకటి గలగలా పరుగెత్తాయి. పరుగెత్తి పరుగెత్తి అన్నీ పోయి పదమూడో గూట్లో పడ్డాయి. మొదటి పది గూళ్ళు సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలకు. తర్వాతి రెండు వేరే గుర్తులకు. పదమూడోది, యంత్రానికి చిల్లు కనపడని కార్డులకు.

బావ వంగి చూసి, బజ్జీ కొరికి, నిదానంగా అన్నాడు.

"మా ఆఫీసులో కూడా ఇట్లాంటి గూడొకటి ఉండె. అడ్రస్ లేని ఉత్తరాలు ఏసేది. దాంట్లో జాగా మిగిలుంటే నిన్ను కూడా ఏస్తా బావా."

ఆ రోజు నుంచి నా పేరు 'అడ్రస్ లేనోడు' అయింది. ఫోన్ చేసినా "ఏమప్పా, అడ్రస్ లేనోడా, మిషన్ లేచిందా?" అనే పలకరింపే. మా కుటుంబం వాట్సాప్ గుంపులో కూడా అదే పేరు పెట్టాడు. మనవలు కూడా తాతా అనడం మానేసి దానికే అలవాటు పడ్డారు.

యంత్రం పనిచేసే తీరు పట్టుకోవడానికి నాకు వారం పట్టింది. అది తెలిసిన రోజు ఉండబట్టలేక వంటింట్లోకి పోయి మా ఆవిడకు చెప్పాను. రిలే అనగానే ఆమె, "మార్కెట్ యార్డు ముందర షామియానా ఏసుకోని కూసునేది కదా అది?" అంది. మా ఊళ్ళో రిలే అంటే నిరాహారదీక్షే మరి.

"అది కాదే. కౌతాళం కాడ మీ చేన్లో బోరు మోటరు ఉండె కదా. స్టార్టరు పచ్చ బటన్ నొక్కి వదిలేస్తే మోటరు ఆగిపోతుండెనా?"

"ఎందుకాగుతాది? ఎర్రది నొక్కేదంక తిరుగుతానే ఉంటాది."

"వేలు తీసినాక కూడా ఎట్ల తిరుగుతాది?"

ఆమె పోపు గరిటె ఆపి ఒక్క నిమిషం ఆలోచించింది. "లోపల టక్కున ఏదో పట్టుకుంటాది కదా. ఆ సప్పుడు ఇనపడుతుంది."

అదే రిలే. వేలు ఒక్క క్షణం నొక్కుతుంది. లోపలి ఇనుప చేయి ఆ మాటను పట్టుకుని, ఎర్ర బటన్ వచ్చి వదలమనేదాకా వదలదు. నా యంత్రంలో వేలికి బదులు చిల్లు ఉంది. కార్డు కింద ఒక లోహపు రోలరు, పైన సన్నటి రాగి తీగల బ్రష్షు. కార్డు మధ్యలో అడ్డంగా ఉన్నంతసేపు కరెంటు దాటదు. చిల్లు వచ్చినప్పుడు బ్రష్షు రోలరును తాకుతుంది. ఆ తాకుడు రెప్పపాటు. రిలే ఆ రెప్పపాటును పట్టుకుంటుంది. దాంతో ఒక అయస్కాంతం లేచి, కార్డులు పోయే దారిలో ఉన్న రేకుల కొసలను కిందికి లాగుతుంది. అప్పటికి కార్డు అంచు ఎన్ని రేకులు దాటి ఉంటే ఆ లెక్కన గూడు. తొమ్మిది చిల్లు ముందే వస్తుంది, సున్నా చిల్లు ఆలస్యంగా వస్తుంది. అంటే చిల్లు ఎప్పుడొచ్చిందన్నదే దాని అంకె. కార్డు గూడు చేరగానే, తిరిగే చక్రం మీది ఒక పన్ను ఒక స్విచ్చిని తెరుస్తుంది. అది ఎర్ర బటన్. రిలే చెయ్యి వదిలేసి వెనక వచ్చే కార్డు కోసం ఖాళీగా నిలబడుతుంది. ఏ నిలువు వరుసలో చిల్లు చూడాలో మనం ఒక పిడి తిప్పి బ్రష్షును ఆ వరుస మీదికి జరపాలి.

నాకు ఇది కవిత్వంలా తోచింది. మా ఆవిడ అంతా విని, "పోపు మాడింది," అంది.

సరే, తీరు తెలిసింది. కానీ కార్డులన్నీ పదమూడో గూటికే ఎందుకు పోతున్నాయి? బ్రష్షు అరిగిపోయిందని కనిపెట్టాను. ఇస్త్రీపెట్టె వైరు చీల్చి, రాగి పోగులతో కొత్త బ్రష్షు కట్టాను. ఇప్పుడు టక్కుమని చప్పుడు వినిపించింది. అయినా కార్డులు పదమూడుకే. టక్కు అయితే ఉంది, పట్టు లేదు. రిలే పట్టుకుంటోంది, వెంటనే వదిలేస్తోంది. పట్టి ఉంచాల్సిన కాంటాక్టు కరెంటు అందుకోవడం లేదన్నమాట.

మూతలు తీసి భూతద్దం పెట్టి చూశాను. ప్రతి రిలే కాంటాక్టుల మధ్యా తెల్లగా, మెత్తగా ఏదో ఉంది. వేలితో తీశాను. దూది.

ముప్పై ఏళ్ళు మిల్లులో కాంటాక్టుల మధ్య దూది తీసిన చేయి నాది. జిన్నింగు మిల్లు గాలిలో దూది ఉంటుంది కాబట్టి అక్కడ అది మామూలు. మా ఇంటి ముందుగదిలోకి ఎట్లా వచ్చింది? తల తిప్పి చూస్తే జవాబు దొరికింది. దుమ్ము పడకూడదని రోజూ రాత్రి ఆ యంత్రం మీద నేనే ప్రేమగా కప్పుతున్న పాత దూది బొంత. నాలుగుచోట్ల చిరిగి, దూది రాలుతోంది. ఆదోనిలో దేన్ని కాపాడాలన్నా మేం దాని మీద బొంత కప్పుతాం. నేను రాత్రి నిద్రపుచ్చిన యంత్రాన్నే పొద్దున లేవడం లేదని తిట్టాను.

బొంత తీసి మా ఆవిడ పాత చీర కప్పాను. అన్ని రిలేలూ తుడిచాను. ఆ రోజు కార్డులు ఏ అంకెకు ఆ గూట్లోకి ఎగిరి పడుతుంటే, నేను మూరెడు ఎత్తు ఎగిరాను. యంత్రమూ నేనూ సమానమైన చప్పుడు చేశామని మా ఆవిడ చెప్పింది.

అప్పుడు మొదలైంది నా అసలు తెలివితక్కువతనం.

పెట్టెలోంచి ఒకటి నుంచి రెండు వందల వరకు కార్డులు తీసుకున్నాను. బాగా కలిపాను. వాటిని మళ్ళీ వరసగా పేర్చాలి. అంకెలు మూడు: వందలు, పదులు, ఒకట్లు. అంటే మూడుసార్లు నడపాలి. తెలివైనవాడు ఎవడైనా ఎక్కడ మొదలుపెడతాడు? పెద్ద అంకె దగ్గర. వందల వరుస మీద బ్రష్షు పెట్టి నడిపాను. గూళ్ళ వారీగా తీసి ఒక కట్ట చేశాను. మళ్ళీ పదులు. మళ్ళీ ఒకట్లు. కట్ట తీసి చూశాను.

మొదటి కార్డు నూరు. తర్వాత రెండు వందలు. ఆ తర్వాత పది, నూటపది, ఇరవై, నూట ఇరవై. కొంత దూరం పోయాక ఒకటి, నూట ఒకటి, పదకొండు, నూట పదకొండు.

రిలే మళ్ళీ వదిలేస్తోందనుకున్నాను. విప్పాను. పన్ను అరిగిందనుకున్నాను. విప్పాను. బ్రష్షు ఒక గీత పక్కకు జరిగిందేమోనని మిల్లీమీటరు లెక్కన జరిపాను. ప్రతిసారీ అదే వరస. యంత్రానికి ఒక పద్ధతి ఉంది గానీ అది నా పద్ధతి కాదు.

బావ వచ్చి కట్ట తిరగేసి, "పదకొండు పక్కన నూట పదకొండు! ఎమ్మిగనూరు ఉత్తరం ఆలూరుకు, ఆలూరు ఉత్తరం గూడూరుకు. మా ఆఫీసరుంటే నిన్ను మెమో మీద మెమో ఇచ్చి పంపుతుండె," అన్నాడు.

"నువ్వయితే ఎట్ల చేస్తావు?"

"నేనా? ముందర జిల్లా, తర్వాత ఊరు, తర్వాత వీధి. పెద్దది ముందర. అందరికీ తెల్సింది అదే కదప్పా."

నాకూ తెలిసింది అదే కదా. అదే చేస్తున్నాను కదా. ఇద్దరమూ యంత్రాన్ని చూసి తలలు ఊపాం. మా ఇద్దరి అభిప్రాయం మొదటిసారి కలిసింది. కలిసి తప్పు చేయడంలో బంధుత్వం గట్టిపడుతుంది.

ఉగాదికి పది రోజులుంది. గుజిరీ ఆయన ఆటో కోసం మా ఆవిడ అప్పటికే ఫోన్ నంబరు రాసి గోడకు అంటించింది. ఆ రోజు పొద్దున ఆమె ఇల్లు ఊడుస్తోంది. నేను యంత్రం ముందు కూర్చుని మూడోసారి కార్డులు ఒకట్ల మీద నడుపుతున్నాను. ఆమె చీపురుతో నా కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది. గూళ్ళ వైపు చూసింది.

"ఏమయ్యో, ఇందాక మొదటి తూరి నడిపినప్పుడు నూరు లోపలివి ఒకచోట, నూరు పైవి ఒకచోట సక్కగా వచ్చినాయి కదా."

"వచ్చినాయి."

"మరి ఇప్పుడు వాటిని మళ్ళీ ఎందుకు కలిపేస్తాండావు?"

"కలపడం కాదు, ఒకట్లు చూస్తాండాను."

"ఒకట్లు సూసే కొద్దీ నూర్లు కలిసిపోతాండాయి కదా." ఆమె చీపురు గోడకు ఆనించింది. "నేను ముందర వాకిలి ఊడ్చి, తర్వాత నడవ ఊడ్చి, ఆఖర్న వంటిల్లు ఊడిస్తే ఏమైతాది? వంటింట్లో చెత్తంతా మళ్ళీ వాకిట్లోకే కదా వచ్చేది. అందుకే లోపల నుంచి వస్తాం. వాకిలి ఆఖర్న. ఆఖర్న చేసిందే నిలబడుతుంది."

నేను ఆమె ముఖం చూశాను. చీపురు చూశాను. యంత్రం పిడి చూశాను.

కార్డులు మళ్ళీ కలిపాను. బ్రష్షును ఒకట్ల మీదికి తిప్పాను. నడిపాను. గూళ్ళలోంచి సున్నా మొదలు తొమ్మిది దాకా వరస తప్పకుండా ఎత్తి, కట్ట చేసి, పదుల మీద నడిపాను. మళ్ళీ అలాగే ఎత్తి, వాకిలి ఊడ్చినట్టు ఆఖర్న వందలు. కట్ట చేతిలోకి తీసుకుని ఒక్కో కార్డూ తిప్పాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

దూది తీసిన రోజు నుంచీ యంత్రం సరిగ్గానే ఉంది. నా ముప్పై ఏళ్ళ విద్యకు లేని తెలివి మా ఇంటి చీపురుకు ఉంది. గోడ మీది ఫోన్ నంబరు కాగితం నేనే చింపబోయాను.

"ఉండనీ," అంది మా ఆవిడ. "ఉగాది రోజు అన్న ముందర నడిపిచ్చి చూపిచ్చు. అప్పుడు చింపుదువులే."

ఉగాది రోజు బావ కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. పచ్చడి నాకి, ఓళిగలు తిని, చేతులు కడుక్కుని సవాలు విసిరాడు. రెండు వందల కార్డులు యంత్రానికి, రెండో పెట్టెలోంచి ఇంకో రెండు వందలు ఆయన చేతికి. ఎవరు ముందు సరిగ్గా పేరిస్తే వాళ్ళది గెలుపు. యంత్రం ఓడితే ఆ సాయంత్రమే ఆటో. ఆయన చాప మీద కూర్చుని పంచె సర్దుకున్నాడు. మా ఆవిడ న్యాయమూర్తి.

"కానీయండి," అంది.

బావ చేతులు నిజంగానే గొప్పవి. కార్డు చూసీ చూడకముందే చాప మీద దాని చోటికి ఎగిరిపోయేది. చిన్న చిన్న కుప్పలు చాప నిండా పరుచుకున్నాయి. నేను రెండోసారి నడిపేసరికే ఆయన సగం దాటిపోయాడు. నా గుండె రిలే కంటే ఎక్కువగా కొట్టుకుంది. ఆటో వస్తుంది, నా గాజుమూతల గుళ్ళు మళ్ళీ మంచం కోళ్ళ మధ్యకు పోతాయి.

ఆదోని ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి ముందుగది కుంపటిలా ఉంది. బావ ముఖం నుంచి చెమట కార్డుల మీదికి కారుతోంది. కార్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"అబ్బా, ఉడికిపోతాండాను. ఆ ఫ్యాన్ ఎయ్యమ్మా."

మా ఆవిడ అన్న మాట జవదాటని చెల్లెలు. ఫ్యాన్ వేసింది.

రెండు వందల కార్డులు పావురాల్లా లేచాయి. కొన్ని బీరువా మీదికి, కొన్ని మంచం కిందికి, ఒకటి పచ్చడి గిన్నెలోకి. బావ చాప మధ్యలో రెండు చేతులూ చాచి ఉండిపోయాడు.

"మా ఆఫీసులో గూళ్ళకు గోడలుండె," అన్నాడు నెమ్మదిగా.

నేను నవ్వే స్థితిలో లేను. ఆఖరి కట్ట నడుస్తోంది. యంత్రం ఆగింది. కార్డులు ఎత్తి లెక్క చూస్తే ఒకటి తక్కువ. అన్ని గూళ్ళూ తడిమాను.

మా ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఆఖరిది దాని గొంతులో ఉండాదేమో. నువ్వు రోజూ మళ్ళీ ఒకసారి పచ్చది నొక్కుతావు కదా," అంది.

నిజమే. కార్డులు అయిపోగానే ఒక చిన్న స్విచ్చి యంత్రాన్ని ఆపేస్తుంది. ఆఖరి కార్డు లోపలే ఉండిపోతుంది. మళ్ళీ బటన్ నొక్కి పట్టుకుంటేనే బయటికొస్తుంది. తొందరలో మరిచాను. ఆమే వచ్చి నొక్కింది. టక్. ఆఖరి కార్డు తన గూట్లోకి జారింది.

ఆమె కట్ట ఒళ్ళో పెట్టుకుని ఒకటి నుంచి రెండు వందల దాకా పైకి చదివింది. బావ పంచెతో ముఖం తుడుచుకుంటూ ప్రతి అంకెకూ తలూపాడు. ఎక్కడా తప్పలేదు. గోడ మీది కాగితం ఆమే చింపేసింది.

బావ లేచి యంత్రాన్ని ఎద్దును తట్టినట్టు తట్టాడు. "గెలిచింది మిషను. దానికి బుద్ధి చెప్పింది మా చెల్లెలు. మధ్యలో నువ్వు యాడ గెలిచినావు బావా? నువ్వింకా అడ్రస్ లేనోడివే."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే మరీ మండింది.

యంత్రం ఇంట్లో నిలిచింది గానీ కిటికీ దగ్గర నిలవలేదు. దారి చూపిన మనిషికి వెలుగు దక్కాలి కదా. కుట్టు మిషను కిటికీ పక్కకు వచ్చింది, యంత్రం ఎదురుగోడకు పోయింది, ఎదురుగోడకున్న నా పడకకుర్చీ వంటింటి నడవలోకి పోయింది. ఇప్పుడు నాకు పేపరు అక్షరాలు కనపడవు. ముఖ్యమైనవి ఆమే చదివి వినిపిస్తుంది, ఆమెకు ముఖ్యమనిపించినవి.

పెట్టె అడుగున చిల్లే కొట్టని ఖాళీ కార్డు ఒకటి దొరికింది. దాని పై అంచున సన్నగా 'బావ' అని రాసి కట్టలో కలిపాను.

బావకు ఇప్పుడు యంత్రాన్ని నడపడం ఎంతో ఖుషీ. ఆదివారం రాగానే చేతులు తుడుచుకుని పచ్చ బటన్ తానే నొక్కుతాడు. ఒకట్లు, పదులు, వందలు, వాకిలి ఆఖర్న. నాలుగు ఆదివారాలు నేను ఆ కార్డును ఆయన చూడకముందే పదమూడో గూట్లోంచి తీసి జేబులో వేసుకున్నాను. జేబు తడుముకుంటూ వారమంతా ఒంటరిగా సంతోషించాను. మొన్న ఆదివారం మాత్రం తీయలేదు.

"ఇదేందప్పా, ఇదొక్కటే ఈడ పడింది?" అని వంగాడు బావ.

"అడ్రస్ లేదేమో బావా. చూడు."

తీసి చూశాడు. కిటికీ దగ్గర కుట్టు మిషను చప్పుడు ఆగింది. బావ కార్డును తిప్పి చూసి, మళ్ళీ పైన పెట్టి పచ్చ బటన్ నొక్కి పట్టుకున్నాడు. అది నేరుగా పోయి పదమూడో గూట్లో పడింది. ఈసారి బ్రష్షును వేరే వరుస మీదికి తిప్పి, నొక్కాడు. పదమూడు. ఇంకో వరుస. పదమూడు.

నేను నడవలో నా కుర్చీలోకి పోయి కూర్చుని, కనపడని పేపరు తీసుకున్నాను. ముందుగదిలోంచి ఆ కార్డు పరుగు వినపడుతూనే ఉంది.